డిస్చార్జ్ అయి ఇంటికొచ్చాక: మొదటి ఏడాది మీ పిల్లవాడి ప్రాణం కాచుకోవడం ఎలా

మా తమ్ముడిని ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చిన ఆరో వారం. గొంతులు వినబడటం బాగా తగ్గింది. గడ్డం గీసుకున్నాడు. సంగటిలోకి చెనక్కాయల పచ్చడి కావాలని అడిగి మరీ తిన్నాడు. "ఇంక బాగైపోయినాడు, కొండకు నడిచొస్తానని మొక్కుకున్నా" అని అమ్మ వీధిలో అందరికీ చెప్పుకుంది. ఆ రాత్రి మిద్దె మీద కూర్చున్నప్పుడు వాడు అడిగాడు: "అక్కా, నాతో చదివినోళ్ళంతా ఈపాటికి ఉద్యోగాల్లో చేరుంటారు కదా?" నేను "అవన్నీ ఇప్పుడెందుకురా, పొద్దుపోయింది పడుకో" అని కిందికి దిగిపోయాను.

వాడు చచ్చిపోవాలని అనుకుంటున్న రోజులవి. పక్కింటివాళ్ళు కెమెరా పెట్టారని కిటికీలకు పాత పేపర్లు అతికించిన రోజుల్లో వాడికి ఆ ఆలోచన లేదట. బాగయ్యాడని మేమందరం ఊపిరి పీల్చుకున్నాక వచ్చింది. ఇలా జరగొచ్చని మాకు ఎవరూ చెప్పలేదు. డిస్చార్జ్ రోజు చేతికిచ్చిన కాగితాల్లో మాత్రల పేర్లున్నాయి, ఈ సంగతి లేదు.

తిరుపతిలోనో చిత్తూరులోనో ఇప్పుడు మాలాగే మనసుకు జబ్బు చేసిన బిడ్డను ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చుకున్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. నేను డాక్టరును కాను. మేము చేసినవి, ఆలస్యంగా తెలుసుకున్నవి, డాక్టర్లు తర్వాత విడమరిచి చెప్పినవి ఇందులో ఉన్నాయి. మా వాడు చదివి సరేనన్నాకే బయటపెడుతున్నాను.

ఎప్పుడు కాపు కాయాలో ముందు తెలుసుకోండి

ఎవరూ లేకుండానే మాటలు వినబడటం, ఎవరో వెంటపడుతున్నారని, అందరూ తన గురించే మాట్లాడుకుంటున్నారని గట్టిగా నమ్మడం, మాటకూ మాటకూ పొంతన లేకపోవడం, వీటన్నిటినీ కలిపి డాక్టర్లు సైకోసిస్ అంటారు. మనవైపు గాలి సోకిందంటారు, చేతబడి అంటారు, ఇంకా కోపమొస్తే మెంటల్ అంటారు. ఎక్కువమందికి కాలేజీ వయసులోనో, ఉద్యోగంలో చేరిన కొత్తలోనో మొదలవుతుంది. స్కిజోఫ్రీనియా ఇందులో ఒక రకం. ఆ జబ్బు ఉన్నవాళ్ళలో జీవితం మొత్తం మీద నూటికి సుమారు 5 మంది ఆత్మహత్యతో పోతున్నారని చాలా అధ్యయనాలను కలిపి చూసినప్పుడు తేలింది. మిగతా 95 మంది అలా పోరు, దాన్ని కూడా గుర్తుపెట్టుకోండి. అయితే ఈ ప్రమాదం అన్ని సంవత్సరాల్లో ఒకేలా ఉండదు. జబ్బు బయటపడిన మొదటి కొన్నేళ్ళలో ఎక్కువ, అందులో మొదటి ఏడాది ఇంకా ఎక్కువ, ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన తొలి వారాలు మరీ ఎక్కువ.

కారణం ఆలోచిస్తే అర్థమవుతుంది. జబ్బు గట్టిగా ఉన్నప్పుడు పిల్లవాడికి అది జబ్బని తెలియదు. మాత్రలు పనిచేసి మనసు తేటపడ్డాక తెలుస్తుంది. నడివీధిలో తను అరిచిన అరుపులు గుర్తొస్తాయి. ఆగిపోయిన చదువు, ఫోను ఎత్తని స్నేహితులు, తన వైద్యానికి అమ్మ కుదువపెట్టిన గాజులు అన్నీ ఒక్కసారిగా కళ్ళ ముందుకొస్తాయి. బాగా చదివే పిల్లలకు, ఇంటిల్లిపాదీ ఆశలు పెట్టుకున్న పిల్లలకు ఈ దెబ్బ ఎక్కువగా తగులుతుంది. "నాకింకేముంది" అన్న ఆ నిరాశకే మనం భయపడాలి. ఇంతకుముందు ఎప్పుడైనా ప్రాణం మీదికి తెచ్చుకుని ఉంటే, తాగుడో గంజాయో ఉంటే, రాత్రుళ్ళు బొత్తిగా నిద్ర లేకపోతే మీ జాగ్రత్త రెండింతలు కావాలి.

"నేను లేకుంటే మీకు ఈ ఖర్చు తప్పుతుంది" లాంటి మాట, తనకిష్టమైన వస్తువులు పిలిచి పంచిపెట్టడం, ఇన్నాళ్ళూ కుమిలినవాడు ఉన్నట్టుండి ప్రశాంతంగా అయిపోవడం కనిపిస్తే ఆ రోజే అడగండి, రేపటికి పెట్టుకోకండి. మా వాడి ప్రశ్నలో చావు అన్న మాటే లేదు. అందుకే నాకు వినబడలేదు.

నోరు తెరిచి అడగండి

అన్నిటికన్నా కష్టమైన పని ఇదే, అన్నిటికన్నా ఉపయోగపడేదీ ఇదే. "అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టు అవుతుందేమో" అని మా అమ్మ వణికిపోయింది. అలా పుట్టదు. దీని మీద చాలా పరిశోధనలు జరిగాయి, అడగడం వల్ల ప్రమాదం పెరగదనే తేలింది. చాలామందికి అడిగినందుకు గుండెబరువు దిగుతుంది.

చుట్టాలు ఉన్నప్పుడు అడగకండి. ఎదురుగా కూర్చోబెట్టి పంచాయితీలాగా అడగకండి. పక్కపక్కన కూర్చుని, చేతిలో ఏదైనా పని పెట్టుకోండి. నేను మిద్దె మీద జవాబు చెప్పకుండా దిగిపోయిన పది రోజులకు, వసారాలో చాట ముందు పెట్టుకుని ఇద్దరం చెనక్కాయలు ఒలుస్తున్నాం. వాడు ఒలిచిన గింజలను చాటలో వేయకుండా గుప్పిట్లోనే పట్టుకుని ఉన్నాడు. గుప్పిలి నిండి గింజలు కిందపడుతున్నా చూసుకోవడం లేదు. అప్పుడు అడిగాను: "నాయనా, చచ్చిపోదామని ఎప్పుడైనా అనిపిస్తోందా?" చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చాటలోకే చూస్తూ "రోజూ" అన్నాడు.

మన మాటతీరులో ఒక ఉచ్చు ఉంది, అందులో పడకండి. "అట్లాంటి పిచ్చి ఆలోచనలేమీ లేవు కదా?" అని అడుగుతాం. ఆ "లేవు కదా"లోనే మనకు కావలసిన జవాబు ఉంది, పిల్లవాడు దాన్నే తీసి మన చేతిలో పెడతాడు: "లేవు." అంతటితో ఆ తలుపు మూసుకుంటుంది. "అనిపిస్తోందా?" అని అడగండి. చావు అన్న మాట పలకడానికి నోరు రాకపోతే ముందు ఒంటరిగా ఉన్నప్పుడు రెండుసార్లు పైకి అనుకోండి. నేను బాత్రూంలో కొళాయి తిప్పి అనుకున్నాను.

గొంతులు వినబడే పిల్లలను ఇంకో ప్రశ్న తప్పనిసరిగా అడగాలి: "ఆ గొంతులు నిన్ను ఏమన్నా చెయ్యమంటున్నాయా? చచ్చిపొమ్మంటున్నాయా? ఆ మాట వినాలనిపిస్తోందా, ఆపుకోగలుగుతున్నావా?" గొంతులు నిజమా అబద్ధమా అని వాదన పెట్టుకోకండి. వాడికి వినబడుతున్నాయి, అంతవరకు నిజం.

జవాబు వచ్చాక మీ నోటిని అదుపులో పెట్టుకోండి. "నీకేం తక్కువ చేశాం?", "మీ అమ్మ ఏమైపోతుందో ఆలోచించినావా?", "దేవుడిచ్చిన ప్రాణం" లాంటివి ప్రేమతోనే వస్తాయి, కానీ అవి విన్న బిడ్డ మళ్ళీ చెప్పడు. "చెప్పి మంచి పని చేసినావు. ఇంత బరువు ఒక్కడివే మోస్తున్నావు. ఇంకమీదట ఇద్దరం మోద్దాం" అంటే చాలు. తర్వాత మెల్లగా అడగండి: ఎప్పటినుంచి? ఈ రోజు కూడా ఉందా? ఎలా అని కూడా అనుకున్నావా? దానికి కావలసింది దగ్గర పెట్టుకున్నావా?

జవాబును బట్టి కదలండి

"ఎప్పుడో ఒకసారి అనిపించింది, ఇప్పుడు లేదు" అంటే డాక్టరుకు ఫోను చేసి, చీటీ మీద రాసిన తారీఖు కన్నా ముందే తీసుకెళ్ళండి. "తరచుగా వస్తోంది" అంటే రేపే వెళ్ళండి, ఈ రాత్రి పక్కన ఎవరైనా పడుకోండి. ఎలాగో అనుకున్నానన్నా, ఆ వస్తువు దగ్గరుందన్నా, గొంతులు చచ్చిపొమ్మంటున్నాయన్నా, ఇంకేమీ ఆలోచించకుండా ఇప్పుడే బయలుదేరండి. తెల్లవారనివ్వండి, ఏకాదశి పోనివ్వండి, మామయ్య రానివ్వండి అని ఆగొద్దు.

ఇంట్లో ఉన్న మందులన్నీ తాళం కిందికి

మన ఊళ్ళల్లో మందు అంటే మూడు. తోటలో మామిడి చెట్లకు కొట్టేది, గ్లాసులో పోసుకునేది, చీటీ చూపించి తెచ్చుకునేది. మూడూ పిల్లవాడి చేతికి అందకూడదు.

చావాలన్న తెగింపు చాలాసార్లు కొద్ది నిమిషాలో, కొద్ది గంటలో ఉండి తగ్గిపోతుంది. ఆ కాసేపు చేతికి ఏదీ అందకపోతే ప్రాణం నిలుస్తుంది. "చావాలనుకున్నవాడు ఎట్లయినా చస్తాడు" అని మన పెద్దలు అనే మాట తప్పు. ఇదొక్కటి నమ్మండి, మిగతాది చేయడం తేలిక.

చిత్తూరు చుట్టుపక్కల తోటలున్న ఇళ్ళల్లో పురుగుల మందు డబ్బాలు పంపుసెట్టు గదిలోనో, మంచం కిందో ఉంటాయి. మిగిలిపోయిన సగం డబ్బాలు, గడువు దాటినవి కూడా ఇంటి నుంచి పూర్తిగా తీసేయండి. ఊళ్ళో నమ్మకమైనవారి ఇంట్లో తాళం వేసి పెట్టించండి, మందు కొట్టే రోజు కావలసినంతే తెచ్చుకోండి. మాత్రలు నెలకు సరిపడా తెచ్చినా తాళం మీ దగ్గరుండాలి, పూటకు పూట మీరే ఇవ్వండి. తాతకు బీపీకి, అవ్వకు షుగరుకు వాడేవి కూడా ఆ డబ్బాలోకే. పిల్లవాడు తన నోటితో చెప్పిన వస్తువు ఏదైనా ఉంటే ముందు దాన్ని తీయండి. దొంగచాటుగా చేయకండి. "నీ మీద అనుమానం కాదు, ఆ ఆలోచన మీద అనుమానం. అది పోయేదాకా ఇవి నా దగ్గరుంటాయి" అని చెప్పి చేయండి. మా వాడు తాళంచెవి నాన్న మొలతాడుకు తనే కట్టాడు.

మాత్రలు: ఒక బాధను ప్రత్యేకంగా గమనించండి

బాగయ్యాడని మాత్రలు మానిపించకండి. మొదటిసారి జబ్బు పడి కోలుకున్నాక కూడా కనీసం ఏడాది రెండేళ్ళు వాడాలని డాక్టర్లు చెబుతారు. ఉన్నట్టుండి ఆపితే జబ్బు తిరగబెడుతుంది. తిరగబెట్టిన ప్రతిసారీ నిరాశ ముదురుతుంది.

మాత్రలు మొదలుపెట్టినప్పుడో, డోసు పెంచినప్పుడో కొందరికి ఒక బాధ వస్తుంది. ఒకచోట కూర్చోలేరు. కూర్చుంటే కాళ్ళు ఊపుతారు, లేస్తే వసారాలో అటూ ఇటూ తిరుగుతారు, పడుకుంటే లేస్తారు. లోపల ఏదో తరుముతున్నట్టు ఉంటుందట. దీన్ని అకథీసియా అంటారు. చూసేవాళ్ళు "టెన్షన్" అనో, "జబ్బు ముదిరింది" అనో అనుకుంటారు. మా నాన్న "ఊరికే తిరగబాకురా, కూర్చో" అని కసిరేవాడు. పాపం, వాడి చేతిలో లేదు. ఈ బాధ తట్టుకోలేక చావే మేలనుకునేవాళ్ళు ఉన్నారు. డోసు తగ్గించో, మాత్ర మార్చో, ఇంకోటి కలిపో డాక్టరు దీన్ని తగ్గించగలరు. మెడ ఒక పక్కకు లాగేసినా, నాలుక మందమైనా అంతే, అదే రోజు ఫోను చేయండి. మీరే మాత్ర మానేయకండి.

రోజూ మింగడానికి మొరాయించే పిల్లలకు రెండు వారాలకో నెలకో ఒకసారి వేసే సూదులున్నాయి, అడగండి. రెండు రకాల మందులు సరిగ్గా వాడినా లొంగని జబ్బుకు క్లోజపిన్ అనే మందు ఉంది. ఈ జబ్బులో ఆత్మహత్య ప్రమాదాన్ని తగ్గించడానికి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2002లో దానికి అనుమతి ఇచ్చింది. అది వాడితే రక్తపరీక్షలు క్రమం తప్పకుండా చేయించాలి. నాలుగు గోడల మధ్య దిగులుతో పడి ఉంటే అది వేరే డిప్రెషన్ కావచ్చు, దానికీ వైద్యముంది. "బద్ధకం" అని తీసిపారేయకండి.

ఎక్కడికి వెళ్ళాలి, ఏం చెప్పాలి

తిరుపతిలో ఎస్వీ మెడికల్ కాలేజీకి అనుబంధంగా ఉన్న రుయా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. చిత్తూరువైపు వాళ్ళు చాలామంది వేలూరు సీఎంసీకి వెళతారు. అక్కడ మానసిక వైద్యం ఊరి మధ్యలో ఉన్న పాత పెద్దాసుపత్రిలో కాదు, బాగాయంలో ఉంటుంది, నేరుగా అక్కడికే వెళ్ళండి. అక్కడ రోగితోపాటు ఇంటి మనిషి కూడా ఉండి వైద్యం చేయించుకునే పద్ధతి చాలా ఏళ్ళుగా ఉంది. జబ్బు మరీ మొండిగా మారితే బెంగళూరు నిమ్హాన్స్ ఉంది.

ఎక్కడికీ వెళ్ళలేని రాత్రి 14416కు ఫోను చేయండి. అది టెలీ మానస్, 2022 అక్టోబర్ 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది. డబ్బు కట్టనక్కర్లేదు, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. పిల్లవాడే చేయాలని లేదు, మీరు చేసి అడగొచ్చు.

డిస్చార్జ్ అయిన వారం లోపలే ఒకసారి డాక్టరును కలవండి. చీటీ మీద నెల తర్వాత రమ్మని ఉన్నా సరే, "వారంలో ఒకసారి చూపించుకుంటాం" అని అక్కడే అడిగి రాయించుకోండి. ఓపీలో రద్దీ ఎక్కువ, మీకు దొరికేది కొద్ది నిమిషాలు. అందుకే ఒక కాగితం మీద మూడే ముక్కలు రాసుకుని వెళ్ళండి: ఎన్ని గంటలు నిద్రపోతున్నాడు, కూర్చోగలుగుతున్నాడా, చావు గురించి ఏమన్నాడు. మూడోదాన్ని లోపలికి వెళ్ళగానే చెప్పండి. మేము మొదటిసారి లేచి వచ్చేటప్పుడు గడప దగ్గర చెప్పబోయాం, అప్పటికే వెనక మనిషి కుర్చీలో కూర్చున్నాడు.

పెళ్ళయిన ఆడపిల్లల గురించి ఒక మాట. కాన్పయిన కొద్ది రోజుల్లోనే నిద్ర పట్టకుండా పోయి, మాట తేడాగా వచ్చి, బిడ్డను గురించి వింత మాటలు మాట్లాడితే "పచ్చి బాలింత, గాలి తగిలింది" అని తలుపులు వేసి కూర్చోకండి. అది కూడా సైకోసిస్ కావచ్చు. తల్లికీ బిడ్డకూ ప్రమాదం, గంటల మీద తీసుకెళ్ళాల్సిన సంగతి.

కాణిపాకంలో ప్రమాణం చేయించకండి

తాగుడు మానతామని, తగవుల్లో నిజం చెబుతామని కాణిపాకం వినాయకుడి ముందు ప్రమాణం చేయడం మనకు తరతరాల అలవాటు. ఈ పిల్లల చేత కూడా "ఇంక చావు ఆలోచన చేయను" అని ప్రమాణం చేయించాలని చూస్తారు. మా మేనత్త కారు కూడా మాట్లాడింది. నాకూ ఆ స్వామి మీద భక్తి ఉంది, అందుకే అడ్డుపడ్డాను. ఆలోచన రావడం వాడి చేతిలో లేదు. ప్రమాణం చేశాక మళ్ళీ వస్తే, జబ్బు బాధకు స్వామికిచ్చిన మాట తప్పానన్న పాపభయం తోడవుతుంది. అప్పుడు మనకు అసలే చెప్పడు. వాడి దగ్గర ఒక మాట తీసుకోవాలంటే "ఆలోచన వస్తే నన్ను లేపుతాను" అన్న మాట తీసుకోండి. దాన్ని నిలబెట్టుకోగలడు.

గుడికి తీసుకెళ్ళండి, తలనీలాలిప్పించండి, గంగమ్మకు పొంగళ్ళు పెట్టండి. ఆ పూట మాత్ర, ఆ రాత్రి నిద్ర మాత్రం పోకుండా చూడండి. ఉపవాసాలు, జాగరణలు ఈ ఏడాదికి వద్దు. కట్టేయడం, కొట్టడం, పొగ పెట్టడం చేసేవాళ్ళ దగ్గరికి ఎవరు చెప్పినా వెళ్ళొద్దు. పెళ్ళి చేస్తే కుదురుతుందనే మాట కూడా ఈ ఏడాది ఇంట్లో ఎత్తనివ్వకండి.

ఒక కాగితం వాడి చేతే రాయించండి

మనసు బాగున్న పూట కూర్చుని రాయండి. మా వాడిది బీరువా తలుపు లోపలివైపు అతికించి ఉంది, ఇలా ఉంటుంది. మొదటి వరుస: "నాకు దిగులు వచ్చేముందు స్నానం మానేస్తాను, అన్నం గదిలోకి తెచ్చుకుంటాను." రెండో వరుస: "అప్పుడు కపిలతీర్థం దాకా నడుస్తాను, లేకపోతే బైకు కడుగుతాను." తర్వాత అక్క నంబరు, వెక్కిరించకుండా వినే ఒక స్నేహితుడి నంబరు, డాక్టరు నంబరు, 14416, 108. చివర్లో "నేను ఎందుకు ఉండాలి" అని రాసి, దాని పక్కన చాలా రోజులు ఖాళీగా వదిలేశాడు. మేము తొందరపెట్టలేదు. ఒకరోజు చూస్తే మా కుక్క పేరు రాసి ఉంది.

చదువు, ఉద్యోగం మాట కూడా ఇక్కడే మొదలవుతుంది. ఆ రాత్రి వాడు అడిగినదానికి సరైన జవాబు "చేరుంటారు. నీకు బాధగా ఉందా?" అన్నది. దాని తర్వాత రోజుకు గంట పని, ఆ తర్వాత రెండు గంటలు. మా వాడు ముందు బాబాయి మెడికల్ సామాన్ల గోడౌనులో లెక్కలు రాశాడు, పరీక్షలకు ఏడాదిన్నర తర్వాత కూర్చున్నాడు.

ఆ గడియే వస్తే

ఒంటరిగా వదలకండి, గడియ పెట్టుకోనివ్వకండి. 108కి చేయండి, చెయ్యి దాటేట్టుంటే 112కి. ఏదైనా మింగి ఉంటే ఉప్పునీళ్ళు, సబ్బునీళ్ళు, పేడనీళ్ళు తాగించి కక్కించకండి, ఊపిరితిత్తుల్లోకి పోతే అదే చంపుతుంది. స్పృహ తప్పితే ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి. మింగిన దాని డబ్బా, అట్ట, సీసా ఏది దొరికితే అది చేత్తో పట్టుకుని నేరుగా పెద్దాసుపత్రికి వెళ్ళండి. "ఒక మాత్రే మింగాను, ఏమీ కాలేదు" అన్నా తీసుకెళ్ళండి.

పోలీసు కేసు అవుతుందని ఇంట్లోనే దాచిపెట్టేవాళ్ళను చూశాను. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం, ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు. వైద్యం, సంరక్షణ ఇవ్వడం ప్రభుత్వం బాధ్యత అని కూడా అందులోనే ఉంది. ఆసుపత్రిలో ఎంఎల్‌సీ (మెడికో లీగల్ కేసు) అని రాస్తారు, పోలీసు వచ్చి నాలుగు మాటలు అడుగుతారు. ఉన్నదున్నట్టు చెప్పండి, ఏం మింగాడో ముఖ్యంగా డాక్టరు దగ్గర దాచకండి.

కాపలా ఉండేవాళ్ళకు

ఒక్కరే మేలుకోకండి. మేము రాత్రులు పంచుకున్నాం. పది నుంచి రెండు దాకా నాన్న, రెండు నుంచి పొద్దున దాకా నేను. అమ్మకు పగలు. మూడో నెలలో అమ్మే అన్నం మానేసి గోడకు తిరిగి పడుకుంటే, 14416కు ఆమె కోసం చేశాం. ఫోను చెవి దగ్గర పెట్టింది తమ్ముడే.